తాతయ్య వాచీ, నానమ్మ పట్టుచీర, ఉత్తరాలు: అన్నీ ఒకే ఫ్రేములో పెట్టి గోడకు తగిలించవచ్చా?

గూటిదీపం అడిగిన ప్రశ్న

రేకు పెట్టెలో మగ్గుతున్న కొన్ని వస్తువుల్ని హాల్లో గోడ మీద కనిపించేలా పెట్టాలని ఆలోచన. జాబితా ఇది:

– కీ ఇచ్చే చేతి వాచీ. తోలు పట్టీ, అంకెల మీద లేత ఆకుపచ్చ పూత ఉన్నాయి. ఇప్పుడు నడవడం లేదు.
– తేనెరంగు ప్లాస్టిక్ ఫ్రేము కళ్ళజోడు.
– సిరా కలంతో రాసిన ఉత్తరాలు, పన్నెండు. కొన్నింట్లో అక్షరాలు గోధుమ రంగుకు తిరిగాయి.
– జరీ అంచు పట్టుచీర. మడతల దగ్గర చీలుతోంది.
– చిన్న వెండి గ్లాసు.
– నలుపు తెలుపు పెళ్ళి ఫోటో. ఫ్రేము అద్దానికి ఒక మూల అంటుకుపోయింది.

60×90 సెంటీమీటర్ల లోతు ఫ్రేము ఒకటి చేయించి, వెనక నల్ల వెల్వెట్ పరిచి, ఉత్తరాలు లామినేషన్ చేయించి, లోపల ఎల్.ఈ.డి. స్ట్రిప్ పెట్టి, అన్నిటినీ గ్లూ గన్‌తో అంటించాలని అనుకున్నాను. ఇందులో తప్పేమైనా ఉంటే ముందే చెప్పండి. చీర అంచు ఒక జానెడు కత్తిరించి పెడితే చాలని ఇంట్లో అంటున్నారు. అది కూడా సరేనా?

చెక్కపెట్టె

తప్పులు చాలానే ఉన్నాయండీ. ఇంకా ఏదీ అంటించలేదు కాబట్టి నష్టం లేదు.

మొదటిది, అన్నీ ఒకే పెట్టెలో వద్దు. మూసిన పెట్టెలో ఒక వస్తువు వదిలే ఆవిరి పక్క వస్తువును తినేస్తుంది. మీ జాబితాలో ప్లాస్టిక్, తోలు, వెండి, పట్టు, కాగితం ఉన్నాయి. ఒకదానికి పడేది ఇంకొకదానికి పడదు. చూడ్డానికి కూడా ఆరు వస్తువులు గుంపుగా ఉంటే పాతసామాను కొట్టు కిటికీలా ఉంటుంది తప్ప ఎవరి గురించో ఏమీ చెప్పదు.

మనిషికొక చిన్న పెట్టె చేయండి. ఒక్కో పెట్టెలో మూడే ఉండాలి: ఒక వస్తువు, ఆ వస్తువును ఆయన వాడుతున్న ఫోటో నకలు, ఆయన చేతిరాతలో ఒకటి రెండు వాక్యాల నకలు. వాచీ ఒక్కటే పెడితే అది వాచీ మాత్రమే. పక్కనే ఆ వాచీ చేతికున్న ఫోటో ఉంటే చూసేవాళ్ళు అడక్కుండానే విషయం అర్థమవుతుంది. కింద చీటీలో ‘తాతయ్య గడియారం’ అని రాయడం దండగ, అది కనిపిస్తూనే ఉంది. కనబడనిది రాయండి: ‘డయలు మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేవారు’ లాంటిది. ఎవరిది, ఏ సంవత్సరాల మధ్య వాడారు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అనే వివరాలు పెట్టె వెనక పెన్సిలుతో రాసి ఉంచండి. పెన్సిలు రాత వెలిసిపోదు.

ఇక పెట్టె సంగతి. లోతు లెక్క ఇలా వేసుకోండి: అన్నిటికన్నా మందమైన వస్తువు, వెనక అట్టకు 6 మి.మీ., ముందు అద్దానికి వస్తువుకు మధ్య కనీసం 10 మి.మీ. గాలి. వాచీని చిన్న దిండు మీద కూర్చోబెడితే 25 మి.మీ. అవుతుంది, అంటే లోపలి లోతు 41 రావాలి. 45 చేయించండి. ఏ వస్తువూ అద్దాన్ని తాకకూడదు. మీ ఫోటో అంటుకుపోయింది సరిగ్గా అందుకే.

ముందు వైపు 3 మి.మీ. యాక్రిలిక్, అతినీలలోహిత కిరణాల్ని ఆపే రకం వేయండి. 45×60 సెంటీమీటర్ల సైజుకు 3 మి.మీ. గాజైతే రెండు కిలోలు, యాక్రిలిక్ అయితే కిలో. పైగా పగిలి వస్తువు మీద పడదు. అమ్మోనియా ఉన్న అద్దాల ద్రావకంతో మాత్రం తుడవకండి, మసకబారుతుంది. కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డ చాలు.

పెట్టె చెక్కే అసలు చిక్కు. ఎం.డి.ఎఫ్., ప్లైవుడ్, టేకు, ఓక్ ఏదైనా కొంత ఆమ్లపు ఆవిరి వదులుతుంది. కోసిన అంచుల నుంచి ఇంకా ఎక్కువ. లోపలి ముఖాలన్నిటికీ, ముఖ్యంగా అంచులకు, అల్యూమినియం ఫాయిల్ టేపు ఖాళీ లేకుండా అంటించి, ఆ పైన మౌంట్ బోర్డు కప్పితే అడ్డుపడుతుంది. రంగు వేయాలనుకుంటే నీళ్ళ ఆధారిత రంగు వేసి, వస్తువులు పెట్టేముందు నాలుగు వారాలు తెరిచి ఆరనివ్వండి. ఆయిల్ పెయింటు అసలే వద్దు, ఎండినట్టు కనిపించాక కూడా చాలాకాలం ఆవిరి వదులుతూనే ఉంటుంది.

ముందు నుంచి వెనక్కి వరస ఇది: ఫ్రేము, యాక్రిలిక్, అంచుల చుట్టూ యాసిడ్ లేని మౌంట్ బోర్డు పట్టీలు (గాలి ఖాళీ కోసం), గుడ్డ చుట్టిన మౌంట్ బోర్డు, దాని వెనక గాళ్ళున్న పాలీప్రొపిలీన్ షీటు. వెనక షీటును మేకులు కొట్టకుండా స్క్రూలతో బిగించండి. ఎందుకంటే ఏడాదికోసారి విప్పాలి.

గ్లూ గన్ వద్దే వద్దు. వేసవి వేడికి ఆ గమ్ము మెత్తబడి వస్తువు కిందికి జారుతుంది. జారకపోతే పీకేటప్పుడు ఉపరితలం ఊడి వస్తుంది. సూపర్ గ్లూ ఆవిరి చుట్టూ తెల్లటి పొర కడుతుంది. స్పాంజి పెట్టినా అంతే, కొన్నేళ్ళకు పసుపెక్కి బంకబంకగా పొడి రాలుతుంది. ప్యాకింగులో వచ్చే తెల్లటి పాలిథిన్ ఫోమ్‌ను వస్తువు ఆకారంలో సగం లోతు కోసి అందులో కూర్చోబెట్టండి. పైన రెండు చోట్ల సన్నటి నైలాన్ దారం బోర్డు గుండా వెనక్కి తీసి ముడి వేయండి. వస్తువును బిగించి కట్టొద్దు, ఊపితే కదలనంత చాలు.

తగిలించేటప్పుడు లోతు పెట్టెకు తీగ పనికిరాదు, ముందుకు తూలుతుంది. రెండు డి రింగులు, గోడకు రెండు స్క్రూలు, 6 మి.మీ. ప్లగ్గులు. కింది మూలల్లో సిలికాన్ బొట్లు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది. వాన తగిలే బయటి గోడ, స్నానాలగది గోడ, కిటికీకి ఎదురు గోడ వదిలేయండి.

నూలుపోగు

చీర విషయం నేను చెబుతాను. కత్తిరించొద్దు. కత్తిరించిన అంచు నుంచి పోగులు ఊడుతూనే ఉంటాయి, మిగిలిన చీర కూడా విలువ లేని ముక్కవుతుంది. అదీగాక కత్తిరించకుండానే అంచు ఒక్కటీ చూపించవచ్చు.

ముందు మడతలు విప్పాలి. చీలేది ఎప్పుడూ ఒకే మడత గీత మీదే. అక్కడ పోగు వంగి వంగి తెగుతుంది, జరీ పోగు లోహం కాబట్టి పక్క పట్టుపోగును కోస్తుంది. ఇస్త్రీ పెట్టకండి. శుభ్రమైన బల్ల మీద పాత దుప్పటి పరిచి, విప్పి, ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తే సగం మడతలు వాటంతటవే సర్దుకుంటాయి. ఉతకొద్దు, డ్రై క్లీనింగుకు ఇవ్వొద్దు, జరీకి ఏ పాలిషూ పెట్టొద్దు. దుమ్ము ఉంటే వాక్యూమ్ క్లీనర్ తక్కువ వేగంలో పెట్టి, మధ్యలో నైలాన్ వల అడ్డంపెట్టి లాగండి.

చుట్టడానికి 8 నుంచి 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం కావాలి, చీర వెడల్పు కన్నా రెండు పక్కలా ఐదేసి సెంటీమీటర్లు పొడవుండాలి. మామూలు అట్ట గొట్టమైతే మొదట అల్యూమినియం ఫాయిల్, దాని మీద ఉతికిన తెల్ల నూలు గుడ్డ చుట్టండి. జరీ ముఖం బయటికి ఉండేలా, మధ్యలో పలుచటి యాసిడ్ లేని టిష్యూ కాగితం వేస్తూ వదులుగా చుట్టాలి. చూపించాలంటే ఆ చుట్టనే సుమారు 15 సెంటీమీటర్ల లోతు పెట్టెలో అడ్డంగా పెట్టి, చివరి 40 సెంటీమీటర్ల పల్లూ మాత్రం కిందికి, వాలుగా ఉన్న బోర్డు మీదికి దింపండి. బోర్డు నిటారుగా ఉంటే బరువంతా ఒకే గీత మీద పడుతుంది. 15–20 డిగ్రీల వాలు ఉంటే గుడ్డ తనంతట తానే ఆనుకుంటుంది. చుట్ట మొత్తం బరువుకు గోడ కన్నా బల్ల మీద పెట్టే పెట్టె నయం.

బోర్డుకు కప్పే నూలు గుడ్డ కొత్తది తెచ్చి అలాగే వాడకండి. దానికి గంజి ఉంటుంది, గంజి కోసం పురుగులు వస్తాయి. సబ్బు లేకుండా వేడినీళ్ళలో రెండుసార్లు ఉతకండి. చీరను బోర్డుకు కుట్టేటప్పుడు సన్నటి సూది, సన్నటి నూలుదారం వాడి, మూడేసి సెంటీమీటర్ల దూరంలో కచ్చా కుట్టు వేయండి. సూది పోగుల మధ్య సందులోంచి పోవాలి, పోగును పొడవకూడదు. సూది దిగేటప్పుడు ‘టిక్’మని చిన్న చప్పుడు వచ్చిందంటే పోగు తెగిందన్నమాట, అక్కడ ఆపేయండి. చీలిన చోట అసలు కుట్టొద్దు. అదే రంగు సన్నటి నైలాన్ వల పైన కప్పి, చీలిక చుట్టూ గట్టిగా ఉన్న గుడ్డ దగ్గర మాత్రమే కుట్టి పట్టించండి. అర మీటరు దూరం నుంచి ఆ వల కనిపించదు.

వెల్వెట్ గురించి కూడా. నల్ల నూలు గుడ్డలకు సల్ఫర్ రంగులు వేయడం మామూలే. ఆ గంధకం వెండిని నల్లబరుస్తుంది. తడి తెల్లగుడ్డతో వెల్వెట్‌ను గట్టిగా పదిసార్లు రుద్దండి, రంగు అంటితే అది ఏ వస్తువు పక్కనా పనికిరాదు. అంటకపోయినా సీసా పరీక్ష చేయండి: మెరిసేలా తోమిన చిన్న వెండి ముక్క, అరచేతిలో పట్టేంత గుడ్డ ముక్క, తడిపిన దూది ఒక బిళ్ళ గాజు సీసాలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి, మూత బిగించి నాలుగు వారాలు వెచ్చటి చోట ఉంచండి. పక్కనే గుడ్డ లేకుండా ఇంకో సీసా పెడితే పోల్చుకోవచ్చు. ఇది 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ పెట్టిన పరీక్షకు ఇంటి రూపం. అసలుదాన్ని 60 డిగ్రీల వేడిలో 28 రోజులు, వెండి, రాగి, సీసం మూడింటితో చేస్తారు.

పాతకాగితం

లామినేషన్ మాట మరిచిపోండి. వేడికి కరిగిన గమ్ము కాగితం పీచులోకి దిగిపోతుంది, ఇక తీయడానికి దారి ఉండదు. గోధుమ రంగుకు తిరిగిన అక్షరాలు ఇనుప సిరావి అయి ఉండొచ్చు. అందులో ఇనుము, ఆమ్లం రెండూ ఉంటాయి, గీత గట్టిగా పడ్డచోట కాగితాన్నే తినేస్తాయి. ఉత్తరాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. అక్షరాల మధ్యలో సూదిమొన లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తే ఆ ఉత్తరాన్ని ఇక వంచకండి. తేమ తగిలితే ఈ తినడం వేగం పుంజుకుంటుంది.

గోడ మీద నకలే ఉండాలి. ఇందులో రాజీ లేదు. ఉత్తరాలు 400 డి.పి.ఐ.లో (అంగుళానికి ఇన్ని చుక్కలు అని) రంగుల్లో, రెండు వైపులా స్కాన్ చేయండి, వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే. చిన్న ఫోటోలు 600లో చేస్తే రెండింతల సైజుకు 300లో ప్రింటు దిగుతుంది. నకలును పిగ్మెంట్ సిరా ఉన్న ప్రింటర్లో, మెరుపులేని నూలు కాగితం మీద తీయండి. డై సిరా అయితే త్వరగా వెలిసిపోతుంది. మొత్తం ఉత్తరం పెట్టాలని లేదు. ‘నీ ఉత్తరం అందింది, బడికి సెలవులు ఎప్పుడు’ లాంటి ఒక్క వాక్యాన్ని రెండింతలు పెద్దదిచేసి పెడితే నిలబడి చదువుతారు. నాలుగు పేజీలు పెడితే ఎవరూ చదవరు.

అసలు ఉత్తరాల్లో గుండుసూదులు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు ఉంటే తీసేయండి. పాత సెల్లోటేపు మాత్రం మీరు పీకొద్దు. ఒక్కో ఉత్తరం మడత విప్పి, యాసిడ్ లేని కాగితపు ఫోల్డర్లో పడుకోబెట్టండి. ప్లాస్టిక్ కవరే కావాలంటే పాలియెస్టర్ మాత్రమే. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే కవరు పి.వి.సి.ది, అది అక్షరాల్ని తన వైపుకు లాగేసుకుంటుంది.

అద్దానికి అంటుకున్న ఫోటో: లాగకండి, నీళ్ళలో వేయకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. ఫోటో పైపొర జెలటిన్. తేమకు అది మెత్తబడి అద్దాన్ని పట్టుకుంది. లాగితే బొమ్మ అద్దం మీద, తెల్ల కాగితం మీ చేతిలో ఉంటాయి. ఫ్రేము విప్పి, అంటుకోకుండా ఉన్న వెనక అట్ట మాత్రం తీసి, అద్దంతో సహా అలాగే ఉంచి అద్దం మీంచే ఫోటో తీయండి. ఫ్లాష్ లేకుండా, రెండు దీపాలు చెరో పక్క 45 డిగ్రీల్లో పెట్టి, కెమెరా చుట్టూ నల్లగుడ్డ అడ్డం కడితే అద్దంలో మీ నీడ పడదు. విడదీయాలా వద్దా అన్నది కాగితాల సంరక్షణ నిపుణులు చేతిలో పట్టుకుని చూసి తేల్చాల్సిన విషయం.

గూటిదీపం

అందరికీ ధన్యవాదాలు. నల్ల వెల్వెట్, లామినేషన్, కత్తెర మూడూ మానేశాను. రెండు సందేహాలు. కళ్ళజోడు ఫ్రేమును గుడ్డతో తుడుస్తుంటే కర్పూరం వాసన వచ్చింది, కీళ్ళ దగ్గర పచ్చగా ఏదో పట్టింది. వాచీ అంకెలు చీకట్లో వెలగడం లేదు, అంటే అందులో భయపడాల్సింది ఏమీ లేనట్టేనా?

ఇత్తడిబిళ్ళ

వెలగడం లేదంటే భయం లేదని కాదండీ. సుమారు 1960ల దాకా చాలా వాచీల అంకెలకు రేడియోధార్మిక పదార్థమైన రేడియం కలిపిన పూత వేశారు. అందులో వెలుగునిచ్చేది జింక్ సల్ఫైడు. అది కొన్నేళ్ళకే అరిగిపోతుంది. రేడియం అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే కాలం, మాత్రం 1600 సంవత్సరాలు. డయలు అడుగున ఆరు అంకె దగ్గర ‘స్విస్ మేడ్’కు అటూ ఇటూ ఇంగ్లీషు ‘టి’ అక్షరాలుంటే అది ట్రిటియం అనే ఇంకో రేడియోధార్మిక పదార్థం, తరువాతి కాలపుది. దాని అర్ధాయువు 12 ఏళ్ళ పైచిలుకు, కాబట్టి ఇప్పటికి చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. ఆ గుర్తు లేకపోతే రేడియం అనుకునే నడుచుకోండి: వెనక మూత, పై గాజు తెరవొద్దు, పూతను గీకొద్దు, రాలిన పొడి కనబడితే ఊదొద్దు. రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి చొరని పెట్టెలో బిగించకూడదు. హాల్లో, కూర్చునే చోటికి కాస్త దూరంగా, వెనక షీటులో పైనా కిందా నాలుగేసి 3 మి.మీ. బెజ్జాలున్న పెట్టె సరిపోతుంది. పురుగులు దూరకుండా బెజ్జాలకు లోపలి నుంచి సన్నటి వల అంటించండి. పడకగదిలో వద్దు.

నడిపించాలని కీ తిప్పకండి. లోపల నూనె ఎండిపోయి ఉంటే ఇరుసులు అరిగిపోతాయి. ముళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడే ఉండనివ్వండి. తోలు పట్టీని మాత్రం వేరు చేయండి. ఇత్తడి, రాగి ఉన్న భాగాలకు తోలులోని కొవ్వు తగిలి మైనంలాంటి ఆకుపచ్చ చిలుము పడుతుంది. వెదురు పుల్లతో అది చాలావరకు వస్తుంది. ఇనుప మొన వాడితే గీతలు పడతాయి. పట్టీతో సహా చూపించాలంటే వాచీ వెనకకూ పట్టీకీ మధ్య పాలియెస్టర్ పొర ముక్క పెట్టండి.

కర్పూరం వాసన వచ్చిందంటే మీ కళ్ళజోడు సెల్యులాయిడ్‌ది. ఆ ప్లాస్టిక్ మెత్తదనానికి కర్పూరమే కలిపేవారు. వెనిగర్ వాసన వస్తే సెల్యులోజ్ అసిటేట్ అనుకోవాలి. సెల్యులాయిడ్ పాతబడేకొద్దీ నత్రికామ్లపు ఆవిరి వదులుతుంది. మీ కీళ్ళ దగ్గర పచ్చదనం దాని పనే. అది పక్కనున్న కాగితాన్నీ, గుడ్డనూ, లోహాన్నీ తింటుంది. పైగా చటుక్కున అంటుకునే పదార్థం. అందుకని దీన్ని ఏ పెట్టెలోనూ మూయొద్దు, దీపం దగ్గర, ఎండలో అసలు వద్దు. గాలాడే అలమరలో, విడిగా, మూతలేని యాసిడ్ లేని అట్టపెట్టెలో ఉంచి, గోడ మీద దాని ఫోటో పెట్టుకోవడం ఒక్కటే దారి. సన్నటి పగుళ్ళు చదరాల్లా కనిపించినా, చెమట పట్టినట్టు జిగటగా మారినా అది చివరి దశకు వచ్చిందని గుర్తు.

వెండి గ్లాసు సులువు. ఉన్ని, రబ్బరు దగ్గర లేకుండా, నల్లబడకుండా చేసే పట్టీ ఒకటి పెట్టెలో వెనక దాచండి. మాటిమాటికీ తోమొద్దు, తోమినప్పుడల్లా కాస్త వెండి పోతుంది. చెక్కిన పేరు ఉంటే ముందు అరిగేది అదే. నాఫ్తలీన్ ఉండలు ఏ పెట్టెలోనూ వేయకండి. ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్కుల్ని మెత్తబరుస్తుంది.

చెక్కపెట్టె

దీపం మాట ఎవరూ ఎత్తలేదు. ఎల్.ఈ.డి.లో అతినీలలోహితం దాదాపు ఉండదు, కానీ స్ట్రిప్పు లోపల పెడితే మూసిన పెట్టె వేడెక్కి, ఆర్పగానే చల్లబడి, రోజూ తేమ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దీపం బయటే, పై నుంచి వాలుగా ఉండాలి. గుడ్డకు, రంగుల కాగితానికి 50 లక్సు (వెలుతురు కొలత) మించొద్దు. ఫోన్ యాప్ చూపించే అంకె ఉజ్జాయింపే, అయినా కిటికీ పక్క వెయ్యి దాటుతోందని చెప్పడానికి అది చాలు. వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుంది: 500 లక్సులో ఒక గంటా, 50 లక్సులో పది గంటలూ ఒకటే. యాక్రిలిక్ ఆపేది అతినీలలోహితాన్ని, మామూలు వెలుతురును కాదు. కాబట్టి చీర పల్లూను మూడు నాలుగు నెలలు చూపించి, మిగతా ఏడాది చుట్టేసి, ఆ చోట ఇంకోటి పెట్టండి.

నూలుపోగు

తేమ కూడా చూసుకోండి. చిన్న డిజిటల్ తేమమాపకం ఒకటి పెట్టె వెనక మూలన పెడితే 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. 65 దాటి నిలిచిందంటే బూజు పట్టే వీలుంది. రంగు మారే సిలికా జెల్ సంచీ పెట్టండి, నారింజ రంగు ఆకుపచ్చకు తిరిగితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. బెజ్జాలున్న వాచీ పెట్టెలో అది దండగ, గది తేమే లోపలికి వస్తుంది.

చీరలో పురుగు పొట్టు, ఇసుక రవ్వల్లాంటి రెట్ట కనిపిస్తే ప్రదర్శన సంగతి పక్కనపెట్టి ముందు దాన్ని పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి వెంటనే విప్పకండి. పూర్తిగా ఒక రోజు గదిలో వదిలాక విప్పండి, లేకపోతే గాలిలోని తేమంతా చల్లటి జరీ మీద నీళ్ళుగా కూర్చుంటుంది.